కూలర్ కొన్నాక ఉక్క ఇంకా పెరిగింది, పై అంతస్తులో అత్తగారిని ఎలా కాపాడుకోవాలి?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. మూడంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో వాళ్లది పై ఫ్లాటు, నెత్తి మీద స్లాబు తప్ప ఏమీ లేదు. అత్తగారికి 72 ఏళ్లు. బీపీ, కాస్త గుండె నీరసం ఉన్నాయి, రోజూ నీళ్ల మాత్ర వేసుకుంటారు. ఆవిడ మంచం పడమటి గదిలో ఉంది. రాత్రి పదకొండింటికి కూడా ఆ గది సీలింగ్ కాలుతూనే ఉంటుందట. నాగపూర్‌లో ఉండే స్నేహితుడి మాట విని భర్త పెద్ద కూలర్ కొన్నారు. అది తిరగడం మొదలయ్యాక పక్కబట్టలు తేమెక్కాయి, గోడకు బూజు పట్టింది, అత్తగారు ఆయాసపడుతున్నారు. ఏసీ కొందామంటే భర్త ‘టీవీలో 34 డిగ్రీలే చెప్పారు, దానికి ఏసీ ఏంటి’ అంటున్నారు. అత్తగారేమో ఏసీ గాలికి కీళ్లు పట్టేస్తాయంటున్నారు. ఇంటర్ చదివే కొడుకు ఏసీల వల్లే భూమి వేడెక్కుతోందని క్లాసు పీకుతున్నాడు. డాబాకు సున్నం వేయిద్దామంటే కింది ఫ్లాట్ల వాళ్లు డబ్బివ్వమన్నారు. డాబా మీద తోట పెంచితే ఎలా ఉంటుందనీ అడిగారు. అత్తగారిని శ్రీకాకుళం దగ్గర మరిది ఇంటికి పంపాలా, ఫ్లాటు అమ్మేసి బెంగళూరు వెళ్లిపోవాలా అన్నది ప్రశ్న. ‘ఈ మాటలన్నీ ఎత్తేది నేనే కాబట్టి గయ్యాళినన్న పేరూ నాకే’ అని రాశారు. చివర్లో ఒక్క ముక్క: పోయిన వారం అత్తగారు పొద్దున లేచి నిలబడగానే కళ్లు తిరిగి మంచం మీద కూలబడ్డారు, భర్త ఓఆర్ఎస్ కలిపి తాగించారు.

సమాధానం

మీరు చివర్లో రాసి వదిలేసిన ముక్కతోనే మొదలుపెడదాం. కూలరూ ఏసీ ఈ వారం కాకపోతే వచ్చే వారం చూసుకోవచ్చు, ఇది ఆగదు.

నీళ్ల మాత్ర ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలోంచి పంపేస్తుంది. చెమట కూడా ఆ రెంటినే తీసుకుపోతుంది. ఎండాకాలంలో రెండూ కలిస్తే పడుకున్న మనిషి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. కళ్లు తిరగడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపకండి. గుండె నీరసం ఉన్నవాళ్లు అది మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం ఉంది. ఓఆర్ఎస్ కూడా అందరికీ ఒకటే మందు కాదు. లీటరు ద్రావణంలో మామూలు ఉప్పే 2.6 గ్రాములుంటుంది, ఆపైన సిట్రేట్ రూపంలో మరికొంత సోడియం. ఉప్పు తగ్గించమన్న మనిషికి డాక్టరుతో మాట్లాడకుండా లీటర్ల లెక్కన పట్టకూడదు.

నాలుగైదు రోజులు ఇలా చేయండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు ఆవిడ బరువు చూసి రాయండి. బీపీ రెండుసార్లు తీయండి: కూర్చున్నప్పుడొకటి, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకొకటి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడితే అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం. బరువు రెండు రోజుల్లో కిలో తగ్గితే ఒళ్లు ఎండుతోందని అనుమానించాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు పడుతోందని అనుమానించాలి. ఆ కాగితం పట్టుకెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. ఎండ ముదిరిన రోజుల్లో మొత్తం ఎన్ని నీళ్లు తాగొచ్చు? మే, జూన్ నెలలకు మాత్ర మోతాదు మార్చాలా? బరువు, బీపీ ఎంతకు దిగితే మీకు ఫోన్ చేయాలి? ఈలోగా మళ్లీ కళ్లు తిరిగితే మాత్రం నాలుగు రోజుల లెక్క కోసం ఆగకుండా అదే రోజు చూపించండి.

మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోపు ఒళ్లంతా తడిపి ఫ్యాను కింద ఉంచండి. మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. మగతగా ఉంటే నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర ఈ వేడికి పనిచేయదు.

ఇక కూలర్. మీ వారు చేసింది పిచ్చిపని కాదు. నాగపూర్‌లో బంగారంలా పనిచేసే వస్తువును ఆయన సముద్రం పక్కకి తెచ్చారు, అంతే. కూలర్ గాలిని నీటితో తడిపి చల్లబరుస్తుంది. ఎంత తడిపినా అది ‘తడి బల్బు’ ఉష్ణోగ్రత కంటే, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు గాలిలో చూపించే అంకె కంటే, కిందికి దించలేదు. నాగపూర్‌లో ఒక మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉందనుకోండి. తడి బల్బు 24 దగ్గరుంటుంది కాబట్టి మంచి కూలర్ 28 డిగ్రీల గాలి ఇస్తుంది. మన దగ్గర 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే తడి బల్బే 29. కూలర్ ఎంత కష్టపడ్డా రెండున్నర డిగ్రీలు తగ్గిస్తుంది, బదులుగా గది గాలిని దాదాపు పూర్తిగా తడితో నింపుతుంది. చెమట ఆరదు. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆరడం. పైగా, ఉత్తరాన్ని బట్టి చూస్తే, మీరు తలుపులు మూసి కూలర్ వేస్తున్నట్టున్నారు. అప్పుడు తడిసిన గాలే మళ్లీ మళ్లీ తిరిగి ఇంకా చెడుతుంది. బూజు, ఆయాసం అక్కడివే.

అయినా దాన్ని అమ్మేయకండి. విశాఖలో ఏటా కొన్ని రోజులు పడమటి గాలి గట్టిగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. ఆ రోజుల్లో ఉష్ణోగ్రత 40 దాకా ఎగబాకుతుంది, తేమ బాగా పడిపోతుంది. అప్పుడు కూలర్ చక్కగా పనిచేస్తుంది. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనండి, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. తేమ 45 శాతం కన్నా తక్కువుంటే కూలర్ పంపు ఆన్ చేసి, ఎదురు కిటికీ తెరిచి ఉంచండి. అంతకన్నా ఎక్కువుంటే పంపు ఆపి ఉత్త ఫ్యానుగా వాడుకోండి. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి తుడవకపోతే డెంగీ దోమలకు మీరే ఇల్లు కట్టిచ్చినట్టు.

‘34 డిగ్రీలే కదా’ అన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. వాతావరణ శాఖ లెక్కలో తీరప్రాంతాల్లో వడగాడ్పు అనాలంటే ఉష్ణోగ్రత కనీసం 37కి చేరాలి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 34 డిగ్రీల ఉక్కపోతకు ఆ హెచ్చరిక రాదు. తడి బల్బు 35 దగ్గర ఆరోగ్యవంతుడి ఒళ్లు కూడా చల్లబడలేదని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పాకిస్తాన్‌ సింధ్‌లోని జకోబాబాద్, గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా ఆ గీతను కొద్దిసేపు దాటాయి కూడా. అయితే పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నిజం మనుషుల మీద చేసి 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, తేలికపాటి పనులు చేస్తున్న యువతీ యువకులకే తేమ గాలిలో 31 దగ్గర ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. మీ గదిలో తడి బల్బు 29 అయితే ఆ గీతకు రెండు డిగ్రీల దూరం. అదీ 72 ఏళ్ల మనిషికి కాదు, పాతికేళ్ల కుర్రాడికి.

పై అంతస్తు సంగతి ఇంకో రకం. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు స్లాబు ఆ వేడిని నాలుగైదు గంటలు ఆలస్యంగా కిందికి దించుతుంది. బయట గాలి చల్లబడే వేళకు మీ సీలింగ్ బాగా కాగి ఉంటుంది. సీలింగ్ ఫ్యాను ఆ సెగనే కిందికి తోస్తుంది. పడమటి గోడ కూడా అదే పని చేస్తుంది. అంటే ఇంట్లో అందరికన్నా బలహీనమైన మనిషిని, రాత్రిపూట అన్నిటికన్నా వేడిగా ఉండే గదిలో పడుకోబెట్టారు. 2003 ఆగస్టు వేడికి ఫ్రాన్స్‌లో సుమారు 15 వేల మంది చనిపోయాక చేసిన పరిశోధనలో, పైకప్పు కిందే పడకగది ఉన్న వృద్ధులకు ముప్పు ఎక్కువని తేలింది. 2021 జూన్‌లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడికి చనిపోయిన 619 మందిలో 98 శాతం మంది ఇంట్లో ఉండగానే దెబ్బతిన్నారు. ఎండలోకి వెళ్లకపోతే చాలనుకుంటాం గానీ, ముసలివాళ్ల విషయంలో ఎండ కన్నా గదే ముఖ్యం.

కాబట్టి పైసా ఖర్చు లేని మార్పు ఈ రాత్రే చేయొచ్చు. ఆవిడ మంచం తూర్పు వైపుకో, హాల్లోకో మార్చండి. మంచం గోడకు ఆనకుండా జానెడు ఎడం ఉంచండి. ‘హాల్లో పడుకుంటే వచ్చేపోయేవాళ్లు చూస్తారు’ అని ఆవిడ అనొచ్చు, అది తీసిపారేయాల్సిన మాట కాదు. ఒక తెర కట్టండి. లేదా పిల్లాడి గది తూర్పు వైపుంటే రెండు నెలలు మార్చుకోండి. భూమి గురించి అంత బెంగ ఉన్న కుర్రాడు నానమ్మ కోసం గది మారడా?

పడమటి కిటికీకి లోపల పరదా కన్నా బయట వెదురు తడక కట్టడం చాలా మేలు. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను పరదా ఆపినా వేడి గదిలోనే ఉండిపోతుంది. ఫ్యాను తీసేయకండి. మన 32, 34 డిగ్రీల్లో ఫ్యాను మేలే చేస్తుంది. వయసు మీద పడ్డవాళ్లకు చెమట తక్కువ పడుతుంది కాబట్టి చేతులు, మెడ, పాదాలు తడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద కూర్చోబెడితే చెమట చేయాల్సిన పని ఆ నీరు చేస్తుంది.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం మనవాళ్లకు తెలిసిన పద్ధతే. 15 లీటర్ల బకెట్ నీరు పూర్తిగా ఆవిరైతే సుమారు పది యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. ఆవిరైన నీటికే ఆ లెక్క, గొట్టంలోంచి కిందికి పోయిన నీటికి కాదు. అందుకే బకెట్లు కుమ్మరించకుండా పలచగా, రెండు మూడు విడతలుగా చల్లండి, లేదా పాత గోనెసంచులు పరిచి తడపండి. స్లాబుకు పగుళ్లుంటే ముందు అవి పూడ్చాలి, లేకపోతే మీ సీలింగ్‌కే చెమ్మ దిగుతుంది.

అసలు మందు డాబాకు తెల్లరంగు. చౌకలో అయ్యేది సున్నం. కిలో సున్నానికి అయిదు లీటర్ల నీళ్లు లెక్కన నానబెట్టి, ఒక రోజంతా ఉంచి, గుడ్డలో వడకట్టి, జిగురు కలిపి రెండు పూతలు వేయాలి. జిగురు లేకుండా వేస్తే నడిచినప్పుడల్లా కాళ్లకు అంటుకొచ్చేస్తుంది. వేసేముందు డాబా కడిగి, పాచి గీకి, పగుళ్లు పూడ్చి, పూర్తిగా ఆరనివ్వాలి. పాచి మీద వేసిన పూత పొరలు పొరలుగా లేస్తుంది. సున్నం ఒక వర్షాకాలానికి పోతుంది, ఏటా వేసుకోవాలి. ఎండను వెనక్కి కొట్టే అక్రిలిక్ పూతలకు ఖర్చు చాలా రెట్లు ఎక్కువ, కానీ కొన్నేళ్లు నిలుస్తాయి, నీటి చెమ్మను కూడా కొంత ఆపుతాయి. డబ్బా మీద ఎస్ఆర్ఐ (ఎండలో పూత ఎంత చల్లగా ఉంటుందో చెప్పే కొలత) అన్న అంకె వందకు అటూ ఇటూ ఉందో లేదో చూసి కొనండి. తెల్ల టైల్స్ ముక్కలు పరిపించడం ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది గానీ స్లాబు మీద బరువు పెరుగుతుంది. ఏది వేసినా దుమ్ము, పాచి పట్టి నల్లబడితే సగం లాభం పోతుంది, కాబట్టి ఎండాకాలం ముందు ఒకసారి కడగాలి. గదిలో రెండు నుంచి నాలుగు డిగ్రీల తేడా ఆశించండి, అంతకు మించి కాదు. తెలంగాణలో 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చారు.

డాబా తోట గురించి కూడా రాశారు. పది సెంటీమీటర్ల తడిమట్టి చదరపు మీటరుకు 180 కిలోల దాకా తూగుతుంది. మామూలు డాబాకు లెక్కగట్టే మనుషుల బరువు 150 కిలోలే. పాత బిల్డింగులో ఇంజనీరుకు చూపించకుండా వద్దు. రేకుల షెడ్డు నీడ బాగానే ఇస్తుంది కానీ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల గాలితో రేకుల్ని ఎటు విసిరిందో మీ కాలనీలో ఎవర్నడిగినా చెబుతారు. గ్రీన్ నెట్ కడితే తుపాను హెచ్చరిక రాగానే విప్పేసేలా తాళ్లతో కట్టుకోండి.

కింది ఫ్లాట్ల వాళ్లతో ‘మాకు వేడిగా ఉంది’ అని మొదలుపెడితే డబ్బు రాదు, వాళ్లకు వేడి లేదు మరి. డాబా అందరిదీ. అక్కడి పగుళ్లలోంచి నీరు దిగి లోపలి ఇనుము తుప్పు పడితే బిల్డింగ్ అంతటికీ నష్టం, సముద్రపు గాలిలో తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. కాబట్టి మీటింగులో దీన్ని లీకేజీ పనిగా పెట్టండి. పగుళ్ల ఖర్చు అందరిదీ, తెల్లపూత ఖర్చులో పెద్ద వాటా మీదీ అంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అదీ కుదరకపోతే, మీ ఫ్లాటు పైభాగం వరకు మీ ఖర్చుతో సున్నం వేసుకోవడానికి అనుమతి కాగితం రాయించుకోండి.

ఏసీకి వద్దాం. సీలింగ్ అలాగే కాగుతుండగా ఏసీ కొంటే అది రాత్రంతా స్లాబుతో కుస్తీ పడుతుంది, బిల్లు మీరు కడతారు. డాబా పని చేసి కొంటే పది, పన్నెండు అడుగుల గదికి ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ సరిపోతుంది. డాబా పని ఈ ఏడాది జరగకపోతే ఒకటిన్నర టన్ను చూసుకోవాలి. ఒక్క గదికే పెట్టండి, 26 లేదా 27 దగ్గర ఉంచి ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. మనకు కావలసింది చలి కాదు, తేమ తగ్గడం. కీళ్లు పట్టేస్తాయన్న అత్తగారి భయం 20 డిగ్రీల గాలి నేరుగా కాళ్ల మీద పడితే నిజమే. గాలి పైకి తిప్పి, కాళ్లకు పలచటి దుప్పటి కప్పితే ఆ ఇబ్బంది ఉండదు. మొదట్లో రాత్రంతా వద్దు, మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఆ గదిలో కూర్చోమనండి. ‘నాకేం వేడిగా లేదమ్మా’ అంటే అబద్ధం కాదు, వయసుతో దాహం, వేడి తెలియడం తగ్గుతాయి. అందుకే మీటరు గోడకు తగిలించండి. కోడలు చెబితే వాదన, మీటరు చెబితే కాదు.

బయటి యూనిట్‌కు ఉప్పుగాలి పెద్ద శత్రువు. రాగి కాయిలు, తుప్పు పట్టని పూత ఉన్నది అడగండి, నెలకోసారి మెయిన్ ఆపి మంచినీళ్లతో కడగండి. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ ఏసీని లాగలేదు. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు రాకపోతే మీకు మిగిలేది తెల్ల డాబా, తూర్పు కిటికీ. ఆ రెండింటినీ వదిలేసి ఏసీ ఒక్కదాన్నే నమ్ముకుంటే వచ్చే చిక్కు అదే.

మీ అబ్బాయికి లెక్కలతోనే చెప్పండి. రాత్రికి అయిదు యూనిట్ల చొప్పున 90 రాత్రులకు 450 యూనిట్లు. మన దేశపు కరెంటు లెక్కన సుమారు 315 కిలోల కార్బన్ డయాక్సైడ్, బండిలో 135 లీటర్ల పెట్రోలు కాల్చినంత. చిన్నదేం కాదు, వాడి బెంగ తప్పు కాదు. అయితే దాన్ని నానమ్మ గదిలో కాకుండా ఇంకెక్కడ తగ్గించొచ్చో వాణ్నే వెతకమనండి. ఏసీలో నింపే గ్యాసు సంగతీ ఉంది. ఆర్-410ఏ గ్యాసుకు భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే రెండు వేల రెట్లకు పైన, ఆర్-32కి 675 రెట్లు, ఆర్-290కి అయిదు కన్నా తక్కువ. ఏ మోడల్ కొనాలో వాడికే అప్పగించండి.

ఇల్లు మారే సంగతి. శ్రీకాకుళం పంపడం ఆ ఇల్లు ఎలాంటిదన్న దాన్ని బట్టి ఉంటుంది. మందపాటి గోడలు, వసారా ఉన్న పెంకుటిల్లయితే ఆవిడకు హాయి. రేకుల ఇల్లో, ఒంటి స్లాబో అయితే ఇక్కడి కష్టమే అక్కడా, పైగా ఆసుపత్రి దూరం. ఆవిడకు ‘నన్ను వదిలించుకుంటున్నారు’ అనిపించకుండా అడగడం మీవల్ల కాదు, మీ వారే అడగాలి. బెంగళూరులో తేమ తక్కువ, రాత్రులు చల్లన, నిజమే. కానీ 2024 ఏప్రిల్ 28న అక్కడా 38.5 డిగ్రీలు నమోదైంది, ఆ వేసవిలో నీళ్ల కోసం జనం ట్యాంకర్ల వెంట పడ్డారు. ఆవిడను ఏళ్లుగా చూస్తున్న డాక్టరు, పక్కింటి స్నేహాలు అక్కడికి రావు. ఒక్క వేసవి ఉక్క చూసి ఫ్లాటు అమ్మడం తొందరపాటని నా అభిప్రాయం, ఆ తర్వాత మీ ఇష్టం.

మీరు రాయని దారి ఇంకొకటుంది: మీ ఫ్లాటు అద్దెకిచ్చి, అదే కాలనీలో మధ్య అంతస్తులో తూర్పు ముఖం ఇంటికి అద్దెకు మారడం. డాక్టరు మారడు, కాలేజీ మారదు, మెట్లు కూడా తగ్గుతాయి. అద్దెల తేడా, సామాను తరలింపు, సొంతింట్లో ఉండటం లేదన్న వెలితి మీరు మోయాలి. ఇళ్లు చూడ్డానికి పొద్దున వెళ్లకండి, అప్పుడు ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. మే నెల రాత్రి తొమ్మిదింటికి మీటరు పట్టుకుని వెళ్లి, పడకగదిలో పావుగంట ఉంచి, మీ ఇంటి అంకెతో పోల్చుకోండి.